సొరంగం పనిలో దుమ్ము: ఎన్‌95 ఇచ్చేస్తే బాధ్యత తీరిపోయినట్టేనా?

చంద్రగిరి_షిఫ్ట్
మావైపు కొండ కింద కాలువ సొరంగం పని నడస్తాంది. డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతే. అడ్డకోత 30 చదరపు మీటర్లు, లోపలికి 600 మీటర్లు పోయినాం. ఫేస్ (తవ్వే చివర) దగ్గర నాలుగు జాక్‌హామర్లు, ఒక లోడర్ (120 కిలోవాట్), రెండు టిప్పర్లు (ఒక్కోటి 150). షిఫ్టుకు 20 మంది. బయట ఒక ఫ్యాను, 800 మి.మీ. డక్ట్ (గాలి పోయే గొట్టం), దానికి అతుకులే జాస్తి. బ్లాస్ట్ అయిన పావుగంటకే లోపలికి పంపమంటారు. మాస్కు మనిషికి వారానికొకటి. మేనేజర్‌ని అడిగితే "ఎన్‌95 ఇచ్చినాం కదా, ఇంకేం కావాల" అంటాడు. సగం మంది దాన్ని గడ్డం కింద వేలాడదీసి తువ్వాలు చుట్టుకుంటారు. మాస్కు మార్చాల్నా, ఫ్యాను మార్చాల్నా, ఏది ముందు? ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్తాండాడు.

కుప్పం_గ్రీన్
రెండూ కాదు. జాక్‌హామర్‌కి నీళ్ళ లైను ఉండాదా లేదా? అది చెప్పు ముందు.

చంద్రగిరి_షిఫ్ట్
ఉండాది. వాడరు. మీటర్‌కింత అని కూలి. నీళ్ళు పెడితే పని నిదానం అవుతాదంట, ఒళ్ళంతా బురద అవుతాదంట.

కుప్పం_గ్రీన్
అయితే నీ దుమ్ము సగం కూలి రేటులోనే ఉండాది. మీటర్ లెక్కన డబ్బులిస్తూ "నీళ్ళు పెట్టు" అంటే ఎవడూ పెట్టడు. తడి డ్రిల్లింగ్‌కి వేరే రేటు రాయించు, పొడిగా వేసిన బెజ్జానికి లెక్క లేదను. రెండు రోజుల్లో లైను దానంతట అదే బాగుపడతాది.

ఇంక మెకానిక్ సంగతులు. నీటి ఒత్తిడి గాలి ఒత్తిడి కన్నా రవ్వంత తక్కువుండాల, ఒక అర బార్ నుంచి ఒక బార్ దాకా. ఎక్కువైతే నీళ్ళు మిషన్ లోపలికి పోయి ఆయిల్‌ని కడిగేస్తాయి, పిస్టన్ పట్టేస్తాది. అప్పుడు ఆపరేటర్ చేసే మొదటి పని వాల్వు కట్టెయ్యడమే. లోపలుండే సన్నపు నీళ్ళ ట్యూబు, దాని రబ్బరు వాషర్లు అరిగినా ఇదే కథ. రెండోది, మనవైపు ట్యాంకర్ నీళ్ళు, ఇసక వస్తాది. ట్యాంకు దగ్గర జాలీ ఫిల్టర్ లేకుంటే ట్యూబు మూసుకుపోతాది. మూడోది, నీళ్ళు ముందు, గాలి తరవాత. బెజ్జం మొదలుపెట్టే తొలి జానెడులోనే దుమ్ము ముఖాన కొడతాది, అక్కడే పొడిగా వేస్తారు. బెజ్జంలోంచి పలచని బురద కారుతాంటే సరి. తెల్లగా పొడి ఎగిరితే ఆపు.

బురద గురించి ఏడుస్తారంటే రెయిన్‌కోటు, గమ్‌బూట్లు ఇప్పించు. మాస్కు కన్నా ముందు అడగాల్సినవి అవే.

రాళ్ళ_మాస్టారు
ఎవరూ అడగలేదు కానీ, ఏ రాయి? తిరుమల ఘాట్‌లో రోడ్డు పక్కన జాతీయ భౌగోళిక స్మారకం అని బోర్డు పెట్టిన చోటు చూసే ఉంటారు. కింద పాత గ్రానైట్, దాని నెత్తిన నగరి క్వార్ట్‌జైట్. మధ్యలో కోట్ల ఏళ్ళ ఖాళీ. మన కొండల్లో ఒకే సొరంగం కొంత దూరం గ్రానైట్‌లో, కొంత దూరం క్వార్ట్‌జైట్‌లో పోవచ్చు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ (స్ఫటిక సిలికా) సుమారు 25 నుంచి 35 శాతం. క్వార్ట్‌జైట్‌లో 90 దాటుతుంది. కంటికి ఒకేలా కనిపించే దుమ్ము, ఊపిరితిత్తికి మూడింతల తేడా.

2025 నవంబరు దాకా నడిచిన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో సూత్రం ఉండేది: ఊపిరితిత్తుల లోతుకు చేరే దుమ్ము ఘనపు మీటరుకు 10 ÷ (క్వార్ట్జ్ శాతం + 2) మిల్లీగ్రాములు దాటకూడదు. గ్రానైట్ 30 శాతం అనుకుంటే 0.31. క్వార్ట్‌జైట్ 90 అనుకుంటే 0.11. అమెరికాలో 2016 నుంచి ఒక్క సిలికాకే 50 మైక్రోగ్రాముల హద్దు, అది ఇంకా కఠినం. అందుకే ఫేస్‌లో రాయి రంగు మారిన రోజున జియాలజిస్టును పిలిచి అడగండి. ఆయన రాసుకునే లాగ్‌లో ఆ ముక్క ఉంటుంది, సేఫ్టీ వాళ్ళు మాత్రం చదవరు.

పులిచెర్ల_పుల్లట్టు
దేవుడి కొండ రాయి కదా మాస్టారూ, పుణ్యం వస్తాదనుకున్నా.

రాళ్ళ_మాస్టారు
బయట నిలబడి దండం పెడితే వస్తుంది. లోపల పీలిస్తే రాదు.

గాలిగొట్టం
ఫ్యాను లెక్క నేను చెప్తా. డీజిల్ బండ్లకు ఒక్కో కిలోవాట్‌కు నిమిషానికి 4 ఘనపు మీటర్ల గాలి అన్నది సొరంగాల్లో చాలాచోట్ల తీసుకునే లెక్క. లోడరూ, రెండు టిప్పర్లూ ఒకేసారి లోపలుంటే 420 కిలోవాట్, అంటే 1680. మనుషులు 20 మంది, ఒక్కొక్కరికి 6 చొప్పున 120. మొత్తం 1800, అంటే సెకనుకు 30 ఘనపు మీటర్లు. 800 డక్ట్ నోరు అర చదరపు మీటరు. ఆ గాలి అందులో పోవాలంటే సెకనుకు 60 మీటర్ల వేగం కావాలి. మామూలు తుఫాను కూడా అంత వీయదు. కాబట్టి మీ ఫేస్‌కు చేరుతున్నది అందులో చిన్న ముక్క.

ఇప్పుడు ఇదే లెక్క తిరగేసి చూడండి. లోపల ఒక్క టిప్పరే ఉండాలి, రెండోది పోర్టల్ (సొరంగం నోరు) బయట ఆగాలి అని రూలు పెడితే 270 కిలోవాట్. మనుషులతో కలిపి 1200, సెకనుకు 20. డక్ట్ 1200 మి.మీ. చేస్తే లోపలి వేగం 18 దగ్గరకు వస్తుంది, నడిచే లెక్క. అదే గాలిని 800లో తోయడానికి పట్టే ఒత్తిడిలో ఏడెనిమిదో వంతు చాలు, ఎందుకంటే ఒత్తిడి నష్టం డక్ట్ వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా మారుతుంది. అంటే ఫ్యాను కన్నా ముందు డక్ట్ మార్చాలి. చాలామంది ఉల్టా చేస్తారు. చిన్న డక్ట్‌కు పెద్ద ఫ్యాను పెడతారు, అతుకులన్నీ విచ్చుకుంటాయి, గాలి దారిలోనే అయిపోతుంది.

నిబంధనల_నారాయణ
@గాలిగొట్టం మరీ ఎక్కువ చెప్తున్నారు. భవన నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర నిబంధనల్లో సొరంగానికి రాసింది మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, గాలి కదలిక నిమిషానికి 9 మీటర్లు. 30 చదరపు మీటర్లకు 270 వస్తుంది. తనిఖీకి అది చాలు. 1200 ఎక్కడి నుంచి తెచ్చారు?

గాలిగొట్టం
@నిబంధనల_నారాయణ ఆ 9 మీటర్లు అంటే సెకనుకు 15 సెంటీమీటర్లు. అగరబత్తి పొగ కూడా బద్ధకంగా కదిలే వేగం. తక్కువలో తక్కువ ఎంతుండాలో నిబంధన చెప్పింది, డీజిల్ పొగను ఎంత పలచన చేయాలో చెప్పలేదు. లోపల 270 కిలోవాట్ ఇంజిన్లు తిప్పుతూ 270 ఘనపు మీటర్లు ఇస్తే కిలోవాట్‌కు ఒకటే. కళ్ళు మండుతాయి, మధ్యాహ్నానికి తలనొప్పి. డీజిల్ పొగను 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మొదటి వర్గంలో (క్యాన్సర్ తెస్తాయని తేలినవి) పెట్టింది. సిలికా 1997 నుంచే ఉంది. తనిఖీకి చాలేది వేరు, మనిషికి చాలేది వేరు.

నిబంధనల_నారాయణ
డీజిల్ సంగతి ఒప్పుకుంటా. కానీ కాగితం మీద 270 కూడా ఇవ్వని సైట్లే జాస్తి. ముందు డక్ట్ నోటి దగ్గర అనిమోమీటర్ (గాలి వేగం కొలిచేది) పెట్టి కొలిచి, రిజిస్టర్లో రాయించండి. ఫ్యాను మీద రాసిన అంకె రాయొద్దు, ఫేస్ దగ్గర వచ్చిన అంకె రాయండి.

గాలిగొట్టం
అది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. డక్ట్ చివర ఫేస్‌కు ఎంత దూరంలో ఉండాలంటే అడ్డకోత వర్గమూలానికి ఐదింతలు లోపు. 30కి వర్గమూలం అయిదున్నర, అంటే 27 మీటర్లు. బ్లాస్ట్‌కు చిరుగుతుందని 60 మీటర్లు వెనక్కి లాగేసి మళ్ళీ ముందుకు జరపరు. ఆ మధ్యలో గాలి అక్కడక్కడే సుడి తిరుగుతుంది, కొత్త గాలి చేరదు. ఇంకొకటి, బయట ఫ్యాను పీల్చుకునే వైపు జనరేటర్ పెట్టారేమో చూడండి. దాని పొగనే డబ్బులు పోసి లోపలికి పంపుతుంటారు.

చంద్రగిరి_షిఫ్ట్
జనరేటర్ ఫ్యాను పక్కనే ఉండాది 😐 నీడ అని పెట్టినారు.

పులిచెర్ల_పుల్లట్టు
జనరేటర్‌కి నీడ, మనుషులకి పొగ. బాగుండాది.

శ్వాస_తిరుపతి
పావుగంట సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు అదే ఎక్కువ భయం. బ్లాస్ట్ తర్వాత రెండు గ్యాసులు ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలనొప్పి, తూలడం, పడిపోవడం లోపలుండగానే వస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ నారింజ, గోధుమ రంగు పొగ. ఇది మోసకారి. పీల్చినప్పుడు కాస్త దగ్గు, గొంతు మంట, అంతే. మనిషి డ్యూటీ దిగి అన్నం తిని పడుకుంటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజుకు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. అప్పటికి రూములో పక్కన ఎవరూ ఉండరు. ఈ ఎర్రపొగలో చిక్కుకున్న మనిషిని "బాగానే ఉన్నా సార్" అన్నా సరే రూముకు పంపొద్దు. ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి, నడిపించకూడదు, ఏం పీల్చాడో డాక్టరుకు రాసి పంపాలి.

జాక్‌హామర్99
దీనికి ఒక ముక్క కలుపుతా. సైట్లలో ఉండే నాలుగు గ్యాసుల మీటర్‌లో మామూలుగా ఉండేవి ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే గ్యాసు. నైట్రోజన్ డయాక్సైడ్ సెన్సార్ అందులో ఉండదు! మీటర్ పచ్చలైటు చూపిస్తే బాగుందనుకుని పోతారు. ఆ సెన్సార్ విడిగా ఆర్డర్ పెట్టాలి. ఎర్రపొగ పదేపదే వస్తోందంటే పేలుడు మందు లెక్క తేడా: ఏఎన్‌ఎఫ్‌ఓలో (అమ్మోనియం నైట్రేట్, డీజిల్ కలిపిన మందు) డీజిల్ తక్కువైంది, లేదా తడి బెజ్జంలో దాన్ని పోశారు. నీళ్ళున్న బెజ్జానికి ఎమల్షన్ (తడికి చెడని మందు) వాడాలి. బెజ్జం నోటికి మట్టి కూరకపోయినా పొగ ఎక్కువ.

గాలిగొట్టం
పావుగంట లెక్క కూడా వేద్దాం. 600 మీటర్లు × 30 = 18,000 ఘనపు మీటర్లు. సెకనుకు 20 ఇచ్చే ఏర్పాటులో కూడా పొగ మొత్తం పోర్టల్ దాటడానికి సరిగ్గా 15 నిమిషాలు. మీ 800 డక్ట్‌తో సెకనుకు 5 చేరుతుందనుకుంటే గంట. బయటి నుంచి గాలి తోసే పద్ధతిలో ముందు ఫేస్ తేటగా అవుతుంది, పొగ ముద్దగా సొరంగం పొడుగునా నడుచుకుంటూ బయటికి వస్తుంది. అంటే పోర్టల్ నుంచి లోపలికి నడిచే మనిషి ఆ ముద్దకు ఎదురెళ్తాడు. "ఫేస్ క్లియర్" అని చెప్తే సరిపోదు, దారి కూడా క్లియర్ కావాలి. గడియారం చూసి పంపొద్దు, మీటర్ పట్టుకుని మొదట ఇద్దరు పోవాలి. సొరంగం ముందుకు పోయేకొద్దీ ఈ టైము పెరుగుతుంది. 1,200 మీటర్లకు అదే ఫ్యాను, అదే పావుగంట అంటే కుదరదు.

పీలేరు_బావులు
సొరంగం కాదు గానీ, పాత బావులు లోతు చేసేటప్పుడు కంప్రెషర్ ట్రాక్టర్‌తో వేసి మందు పెడతారు కదా. అక్కడా ఇదేనా?

జాక్‌హామర్99
అంతకన్నా చెడ్డది. పొగకు పోయే దారే లేదు. కంప్రెషర్ గొట్టం అడుగు దాకా వదిలి గాలి ఊది, మీటర్‌ను తాడుతో దించి చూసి, అప్పుడు మనిషిని నడుముకు తాడు కట్టి దించాలి. పెట్రోలుతో నడిచే పంపు బావిలోకి దించొద్దు, ఎప్పటికీ. పడిపోయినోడి కోసం ఇంకొకడు దూకొద్దు. మిగతాది వేరే పోస్టు పెట్టి అడగండి.

మాస్కు_మల్లి
ఎట్టకేలకు మాస్కు దగ్గరికొద్దాం. ఎన్‌95 చెడ్డది కాదు, దాని హద్దు చిన్నది. ముఖానికి సరిగ్గా అతికితే లోపలికి పోయే దుమ్ము పదో వంతుకు తగ్గుతుంది, అంతే. పొడి డ్రిల్లింగ్‌లో దుమ్ము హద్దుకు ఇరవై, ముప్ఫై రెట్లుంటే మాస్కు వేసుకున్నా ఇంకా రెండు, మూడు రెట్లు పీలుస్తున్నట్టే. పైన వాళ్ళు నీళ్ళు, గాలి అని అరుస్తున్నది అందుకే. దుమ్ము పదిరెట్ల లోపుకు దిగితేనే ఎన్‌95 పనికొస్తుంది. దిగకపోతే పూర్తి ముఖం మూసే మాస్కు, పీ100 ఫిల్టర్లు. గ్యాసుకు ఎన్‌95 అస్సలు పనిచేయదు.

తువ్వాలు, సర్జికల్ మాస్కు సున్నా. కొనేటప్పుడు ఐఎస్ 9473 (మాస్కులకు భారతీయ ప్రమాణం) ముద్ర చూడండి. చెవులకు తగిలించే రకం వద్దు, తల వెనక్కి రెండు పట్టీలుండేది తీసుకోండి. పై పట్టీ తల మీదుగా, కింది పట్టీ మెడ వెనక. ముక్కు మీద రేకును రెండు చేతుల వేళ్ళతో నొక్కాలి, ఒక చేత్తో గిల్లితే మధ్యలో గీత పడి సందు వస్తుంది. రెండు చేతులతో మూసి గట్టిగా ఊదితే కళ్ళ వైపు గాలి తగలకూడదు. వారానికొకటి అన్నది పిచ్చి లెక్క. తడిసినా, పట్టీ వదులైనా, పీల్చడం బరువైనా మార్చాలి, ఫేస్ దగ్గర అయితే షిఫ్టుకొకటి.

ఐరాల_ఆపరేటర్
గడ్డం ఉంటే?

మాస్కు_మల్లి
ఉంటే అతకదు. రెండు రోజుల గరుకు గడ్డానికే సందు వస్తుంది.

ఐరాల_ఆపరేటర్
మొక్కు గడ్డాలబ్బా. కొండకు పోయి తలనీలాలు ఇచ్చేదాకా కత్తి తగలనీరు. షిఫ్టులో నలుగురైనా ఉంటారు.

మాస్కు_మల్లి
వాళ్ళకు తలమీద నుంచి కప్పే హుడ్, నడుముకు బ్యాటరీ ఫ్యాను ఉండే రకం ఉంది. ఖరీదే. లేదంటే మొక్కు తీరేదాకా పోర్టల్ బయట పని ఇవ్వండి.

పులిచెర్ల_పుల్లట్టు
కొండ కిందే కదా పని చేస్తాండేది. ఒకరోజు లీవిచ్చి బస్సెక్కిస్తే గుండూ అవుతాది, మాస్కూ అతుకుతాది. గోవిందా!

కుప్పం_గ్రీన్
🤣 ఇది సేఫ్టీ మీటింగ్‌లో పెట్టండి.

బంగారుపాళ్యం_బెల్లం
మా మేస్త్రీ షిఫ్టు అయినాక బెల్లం, అరటిపండు పంచుతాడు. దుమ్మంతా కడుపులోకి దిగిపోతాదంట. పని చేస్తాదా?

శ్వాస_తిరుపతి
బెల్లం కడుపులోకి పోతుంది, సిలికా ఊపిరితిత్తిలో ఉంటుంది, రెండూ కలవవు. గొంతులో చిక్కుకున్న పెద్ద రేణువులు కళ్ళెతో ఎటూ బయటికొస్తాయి. మన బాధ నాలుగైదు మైక్రాన్ల కన్నా చిన్న వాటితో. అవి గాలి గదుల దాకా పోతాయి. అక్కడి రక్షక కణాలు వాటిని మింగి, అరిగించుకోలేక చచ్చిపోతాయి, మళ్ళీ రేణువు బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఈ తిరుగుడులో మచ్చకట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది, సిలికోసిస్ అంటే అదే. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. పని మానేసినా పెరుగుతూ పోవచ్చు.

టైము విషయం. మామూలు రకానికి పదేళ్ళు పైనే పడుతుంది. దుమ్ము ఎక్కువైతే ఐదు నుంచి పదేళ్ళు. పొడి డ్రిల్లింగ్ లాంటి చోట నెలల్లోనే ప్రాణాంతకంగా రావచ్చు. అమెరికాలో పశ్చిమ వర్జీనియా హాక్స్ నెస్ట్ సొరంగంలో 1930, 31లో జరిగింది అదే. దాదాపు అంతా సిలికా ఉన్న రాయిలో పొడిగా డ్రిల్ చేయించారు. అక్కడి స్మారక ఫలకం మీద 476 మరణాలని ఉంది, తర్వాత లెక్కగట్టినవాళ్ళు 764 దాకా అన్నారు.

పరీక్షలు: పనిలో చేరేముందే ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి బలం కొలిచే పరీక్ష) చేయించాలి. ముందు ఫోటో లేకుండా తర్వాతి ఫోటోతో ఏం పోలుస్తారు? రెండోది, మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు: ఎక్స్‌రేలో పైభాగాల్లో రెండు వైపులా చిన్న చిన్న మచ్చలు చూసి నేరుగా టీబీ మందులు మొదలుపెట్టడం. కళ్ళెకు సీబీ నాట్ (టీబీ క్రిమిని పట్టే పరీక్ష) చేయించాలి, ఏం పని చేస్తాడో అడగాలి. ఇందులో తిరకాసు ఏంటంటే సిలికోసిస్ ఉన్నవాడికి నిజంగానే టీబీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి "టీబీ కాదు, దుమ్మే" అని వదిలేయడమూ తప్పే. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఛాతీ విభాగం ఉంది, చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ దగ్గర. పోయేటప్పుడు "సొరంగంలో డ్రిల్లింగ్, ఇన్నేళ్ళు" అని చీటీ మీద రాసుకుని పొండి. అడగకపోయినా చూపించండి. బీడీ మానండి, రెండూ కలిస్తే క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది.

షాట్‌క్రీట్_సత్తి
షాట్‌క్రీట్‌లో (సొరంగం గోడకు చిమ్మే కాంక్రీటు) మైక్రోసిలికా కలుపుతారు. సిలికా కదా, అది కూడా ఇంతేనా?

రాళ్ళ_మాస్టారు
కాదు. అది స్ఫటికం లేని సిలికా, క్వార్ట్జ్‌తో పోలిస్తే ప్రమాదం చాలా తక్కువ. షాట్‌క్రీట్‌లో మీరు భయపడాల్సింది సిమెంటు దుమ్ముకూ, త్వరగా గట్టిపడటానికి నోజిల్ దగ్గర కలిపే ద్రవానికీ. ఆ తుంపర కంటికి, గొంతుకు మంట. పొడి మిక్స్ పద్ధతిలో దుమ్ము చాలా ఎక్కువ, తడి మిక్స్‌కు మారగలిగితే మారండి. కింద రాలిన దాన్ని ఎండాక చీపురుతో ఊడవకండి, తడిపి ఎత్తండి.

కుప్పం_గ్రీన్
ఊడ్చడం అంటే గుర్తొచ్చింది. షిఫ్టు దిగేటప్పుడు కంప్రెషర్ గొట్టంతో బట్టలు దులుపుకుంటారే, అది ఆపించు ముందు. ఎనిమిది గంటల దుమ్మును ఒక నిమిషంలో ముక్కు ముందే లేపుతారు, అదీ మాస్కు తీసేసినాక. తడి గుడ్డతో తుడుచుకుని బట్టలు అక్కడే విడిచి పోవాల. ఇంటికి మోసుకుపోతే ఇంట్లోవాళ్ళు ఉతికేటప్పుడు పీలుస్తారు. మక్ (పేల్చిన రాళ్ళ కుప్ప) ఎత్తేముందు పైపుతో కుప్పను బాగా తడపడం కూడా మరిచిపోవద్దు. పైపొర తడిస్తే చాలదు, లోడర్ రెండు బకెట్లు ఎత్తినాక మళ్ళీ తడపాల.

చట్టం_చలపతి
నష్టపరిహారం సంగతి. 2025 నవంబరు దాకా నడిచిన ఉద్యోగుల పరిహార చట్టం 1923 మూడో షెడ్యూల్‌లో సిలికోసిస్, సిలికో టీబీ రెండూ ఉండేవి. ఇబ్బంది రుజువులో. ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన మనిషి మూడు సైట్లు మారి ఊరెళ్ళాక రోగం బయటపడితే ఏ సైటు మీద వేస్తాడు? అందుకే మస్టర్ (హాజరు పట్టీ) నకలు, గుర్తింపు కార్డు, ఎక్స్‌రే ఫిల్ము కార్మికుడి చేతికి ఇవ్వాలి. ఫైలు ఆఫీసులో ఉంది అంటే లేనట్టే. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, గుర్తించగానే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తోంది. మన దగ్గరా గట్టిగా అడగాల్సిన విషయం.

ఐరాల_ఆపరేటర్
ఇవన్నీ పెద్ద కంపెనీలకు. సబ్ కాంట్రాక్టరు చేతిలో ఏముంటాది?

కుప్పం_గ్రీన్
వాల్వు తిప్పడానికి కంపెనీ ఏంది? జనరేటర్ జరపడానికి, రెండో టిప్పర్‌ను బయట ఆపడానికి, డక్ట్ అతుకులు కుట్టించడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు.

జాక్‌హామర్99
కొలత మాత్రం బయటివాళ్ళతో చేయించండి. కాలర్‌కు తగిలించే చిన్న పంపు, సైక్లోన్ (పెద్ద రేణువులను వేరు చేసే ముక్క), నిమిషానికి 1.7 లీటర్లు, షిఫ్టు మొత్తం. ఫిల్టర్‌ను తూచి, ల్యాబ్‌లో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో క్వార్ట్జ్ తేల్చాలి. చేతిలో పట్టుకునే పీఎం2.5 మీటర్ సిలికాను చెప్పదు, కానీ నీళ్ళు పెట్టకముందు, పెట్టాక తేడా చూపించడానికి మేనేజర్ ముందు భలే పనికొస్తుంది.

చంద్రగిరి_షిఫ్ట్
సరే. రేపే జనరేటర్ జరిపిస్తా, టిప్పర్ రూలు పెడతా, ఫేస్‌లోకి పోయే టైము మీటర్ చూసే. తడి రేటు గురించి మేనేజర్‌తో శనివారం మాట్లాడతా. 1200 డక్ట్ అడిగితే "ఉన్న ఫ్యానుకు సరిపోతాదా" అంటాడు. ఏం చెప్పాల?

గాలిగొట్టం
ఫ్యాను ప్లేటు మీద కిలోవాట్, ఇంపెల్లర్ వ్యాసం, మోడల్ నంబర్ ఉంటాయి. ఫోటో పెట్టు. తయారీవాళ్ళ కర్వ్ (ఎంత ఒత్తిడికి ఎంత గాలి ఇస్తుందో చూపే గీత) మీద సెకనుకు 25 ఘనపు మీటర్లు ఎక్కడ పడుతుందో చూద్దాం. ఫేస్‌కు 20 చేరాలంటే, లీకులు పోను, ఫ్యాను దగ్గర అంత కావాలి.